జేబులోని తీగముక్క

ఫిల్ము తెల్లగా వచ్చింది. ఫోటోల మేస్త్రి దాన్ని దీపానికి అడ్డంపెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. పైపు లేదు, అతుకు లేదు, పొగమరకంత నీడైనా లేదు.

ఆ పైపుల కర్మాగారంలో అతని పని అదే. వెల్డర్లు అతికిన చోటల్లా లోపల పగులుందేమో గామా కిరణాలతో ఫోటో తీసి చెప్పాలి. "మేస్త్రీ, పెళ్లి ఫోటోలు కూడా తీస్తావా?" అని తోటివాళ్లు ఎగతాళి చేసేవారు. ఒక బరువైన పెట్టె, అందులో చిటికెనవేలంత తీగముక్క, దాని కొసన ఆ కిరణాలు చిమ్మే బియ్యపుగింజంత గుళిక. పొడుగు తీగకు తగిలించి పిడి తిప్పితే అది గొట్టంలోంచి బయటికెళ్తుంది. వెనక్కి తిప్పితే పెట్టెలోకి వచ్చేస్తుంది.

కిరణాలు తగిలితే టిక్కుమనే మీటరుకు కొత్త బ్యాటరీ వేసి పెట్టెకు ఆనించాడు. పెట్టె మూసి ఉన్నా కాస్తో కూస్తో టిక్కుటిక్కుమనాలి. మీటరు నోరు మెదపలేదు. గుళిక పెట్టెలో లేదు.

నిన్న ఆఖరి ఫోటో తీశాక గుళిక లోపలికి వచ్చిందో లేదో మీటరు పెట్టి చూడాల్సింది. బ్యాటరీ అయిపోయి ఉంది. స్టోరు దాకా నడవడానికి బద్ధకించాడు. పదిహేడేళ్లలో ఏనాడూ ఊడని తీగ ఇవాళే ఊడుతుందా అనుకున్నాడు. ఊడింది.

అందర్నీ బయటికి పంపి షెడ్డంతా గాలించాడు. ఎక్కడా చప్పుడు లేదు. గేటు దగ్గర క్రేను నడిపేవాడు అడిగాడు: "సన్నటి గొలుసుముక్కలాంటిదా? నిన్న సాయంత్రం పైపుల కింద మీ తమ్ముడికి దొరికిందిగా. మా అన్నయ్య సామానులా ఉంది, రేపు ఇస్తానని ప్యాంటు జేబులో వేసుకున్నాడు."

తమ్ముడు అదే షెడ్డులో వెల్డరు. వాంతులవుతున్నాయని ఇవాళ పనికి రాలేదు.

మేస్త్రి అధికారులకు ఫోన్ చేయించి, సీసం డబ్బా, పొడుగు పట్టకారు జీపులో వేసుకుని బయల్దేరాడు. వీధి మలుపులోనే మీటరు మొదలెట్టింది. గడప చేరేసరికి టిక్కుకూ టిక్కుకూ మధ్య సందే లేదు.

"అమ్మాయ్! వాణ్ణి తీసుకుని పెరటిదారిన బయటికి పో! ఏమీ అడక్కు, ముందు కదులు!"

మరదలు మొగుడి చెయ్యి భుజాన వేసుకుని నడిపించింది. వాడు కుడికాలు ఈడుస్తున్నాడు. ప్యాంటు నడవలో కొక్కేనికి వేలాడుతోంది.

దూరం రెట్టింపైతే దెబ్బ నాలుగోవంతు అని కొత్తవాళ్లకు పాఠం చెప్పే మనిషి, ఆ దూరాన్నే తగ్గించుకుంటూ లోపలికి వెళ్లాడు. పట్టకారుతో జేబు తిరగేశాడు. తీగముక్క నేలమీద పడి దొర్లింది. లోపల్లోపలే సెకన్లు లెక్కపెట్టుకుంటున్నాడు. పద్నాలుగు అనేసరికి అది డబ్బాలో పడింది.

ఆసుపత్రిలో తమ్ముడి తొడమీద అరచెయ్యంత ఎరుపు కనిపించింది. ఏ కిరణాలని డాక్టరమ్మ అడిగింది.

"ఆల్ఫా అయితే కాగితమే ఆపేదమ్మా. బీటాను చాలామటుకు గుళిక మీది లోహపు తొడుగే ఆపేస్తుంది. వీడి తొడలోకి దిగింది గామా. దానికి బట్టా తోలూ ఒక లెక్కా?"

"ఎంతసేపుంది జేబులో?"

"అయిదు గంటలు" అన్నాడు తమ్ముడు. డాక్టరమ్మ రాసుకుంటున్న కలం ఆగింది.

మరదలి రక్తం కూడా పరీక్షకు తీసుకున్నారు. ఆమె మంచానికి బారెడు దూరంలో, చేతులు కొంగులో దాచుకుని నిలబడింది. "బావగారూ, ఈయన్ని ముట్టుకోవచ్చా? నాకు అంటుకుంటుందా?"

"అంటుకోదమ్మా. గుళిక పగల్లేదు, పొడి రాల్లేదు. దీపం ఆర్పేశాక గదిలో వెలుగు మిగలదు కదా. వాడి ఒంట్లో ఇప్పుడు కిరణాలేం లేవు. కాల్చాల్సింది కాల్చేసి పోయాయి."

ఆమె ఒక్క అంగలో వెళ్లి వాడి తల ఒళ్లోకి తీసుకుంది. మేస్త్రి గోడవైపు తిరిగాడు.

రెండో వారానికి బొబ్బలు లేచాయి. తర్వాత చర్మం నల్లబడి ఊడింది.

"అన్నయ్యా, ఆ గుళిక ఎప్పటికి చల్లారుతుంది?"

"డెబ్బై నాలుగు రోజులకు సగమవుతుంది. ఇంకో డెబ్బై నాలుగుకు ఆ సగంలో సగం."

"మొత్తంగా ఎప్పుడు?"

"ఫలానా రోజున మొత్తం పోయిందని చెప్పలేంరా. సగం, మళ్లీ సగం, అట్లా లెక్కకు రానంత అయ్యేదాకా."

"మరి నా కాలు?"

వేరేచోటి చర్మం తెచ్చి రెండుసార్లు అతికారు. రెండుసార్లూ పట్టలేదు. నాలుగో నెలలో తుంటి కింద నుంచి కాలు తీసేశారు.

అధికారుల ముందు మేస్త్రి ఉన్నదున్నట్టు రాసిచ్చాడు. లైసెన్సు పోయింది, ఉద్యోగం పోయింది. తమ్ముడితో మాత్రం తీగ దానంతటదే ఊడిందన్న ముక్క దగ్గరే ఆగిపోతూ వచ్చాడు. రోజూ ఆ మాట నోటిదాకా వచ్చేది, మింగేసేవాడు. చివరికి ఒక మధ్యాహ్నం మరదలు మందులకు వెళ్లినప్పుడు కక్కేశాడు.

"మీటరు పెట్టి చూడలేదురా. బ్యాటరీ అయిపోయింది. స్టోరు దాకా వెళ్లడానికి బద్ధకించాను. చూసుంటే నీకా ముక్క దొరికేదే కాదు."

తమ్ముడు కిటికీకేసి తిరిగాడు. దుప్పటి ఒక పక్క చదునుగా పడి ఉంది.

"స్టోరు ఎంత దూరం?"

"నలభై అడుగులు."

వాడు కళ్లు మూసుకున్నాడు. "మొదట్లోనే చెప్పుంటే నిన్ను చంపేసేవాణ్ణి. ఇప్పుడు తిట్టడానిక్కూడా ఓపిక లేదు. ఆ దిండు కాస్త పైకి జరుపు."

మేస్త్రి వాడి మెడకింద చెయ్యి వేసి, దిండు పైకి జరిపాడు.