ఆముదం గిన్నె

పొయ్యి మీద ఆముదం గోరువెచ్చ చేస్తున్న నిరోష చెయ్యి ఆగింది. అత్త గోపమ్మకు దొడ్డికి రాక నాలుగు రోజులు. పొద్దుట్నుంచి తాగిన నీళ్లు గూడ కక్కుతాంది, కడుపు కుండలెక్క ఉబ్బింది. "గ్యాసే. ఇంకో గిన్నె తాపియ్యి," అని మొగుడు బాలకృష్ణ పొలం కాడికి పోయిండు. మూడేండ్ల బిడ్డ మనస్వినికి జ్వరమొచ్చి తను భయపడ్డా ఆయనది అదే మాట: "తొమ్మిదో తరగతిల బడి మానినదానివి, నువ్వేమన్న డాక్టరువా?" నిజమే, కాదు. కానీ ఇంట్ల ఎవరు తిన్నరు, ఎవరికి అరగలేదు, ఎవరి గుడ్డలు ఎట్ల ఖరాబైనయి, అన్నీ ఉతికే చేతులకే కదా ఎరుక.

"కింది నుంచి గాలన్న పోతాందా అత్తమ్మా?"

గోపమ్మ సిగ్గుతోటి గోడకు తిరిగింది. "గవేం మాటలే! లేదు తియ్యి."

బయటికి పోనియ్యని కడుపుల ఇంకా పోసుడేంది? నిరోష పొయ్యి ఆర్పింది. బిడ్డను సంకనేసుకొని ఆటో పిలిచింది.

నల్లగొండ దవాఖానల స్కానింగ్ చూసిన డాక్టరమ్మ, పెద్ద పేగుల క్యాన్సర్ గడ్డ దారి మూసేసిందన్నది. "ఆముదం ఇంకింత తాపితే పేగు పగిలేదేమో. మంచిగ తీసుకొచ్చినవ్. ఇప్పుడే కింది నుంచి కెమెరా పంపి, గడ్డ నడుమ స్టెంట్ పెడ్తం, జాలి లెక్కుండే గొట్టం. దారి తెరుచుకుంటది. జర కోలుకున్నంక గడ్డకు ఆపరేషన్." బాలకృష్ణ వచ్చేదాక ఆగలేదు నిరోష. సంతకం తనే పెట్టింది, ఒక్కో అక్షరం ఒత్తి.

స్టెంట్ పెట్టిన మర్నాడు పొద్దున డాక్టరమ్మ బాలకృష్ణను అడిగింది, "గాలి పోయిందా?" ఆయన కిటికీ దిక్కు చూసిండు.

"వానికేం ఎరుక, నా కోడల్ని అడుగు బిడ్డా," అన్నది గోపమ్మ.

"మూడుసార్లు పోయింది మేడం. వార్డంత ఇన్నది!"

పక్క మంచపామె పకపక నవ్వింది. గోపమ్మ గూడ నవ్వింది, మెత్తబడ్డ కడుపు పట్టుకొని.

"దొడ్డికి పోతే నెత్తురు ఎన్నాళ్ల సంది పడుతున్నదమ్మా?" అని డాక్టరమ్మ గోపమ్మను అడిగింది.

"ఆర్నెల్లు. మొలలనుకున్న. ఆ గుడ్డలు నేనే చాటుంగ పిండుకున్న. ఆడోళ్లం, ఎవరికి చెప్తం?"

అత్తకు తాపుతున్న మజ్జిగ చెంచా నిరోష చేతిల ఆగింది. బిడ్డను కన్నప్పటి సంది తనకూ పడుతాంది. తనూ మొలలే అనుకున్నది. తన పాత చీర పేలికలు తనే ఉతుక్కొని, ఎవరికంట పడకుండ దండెం చివర ఆరేసుకున్నది. బాలకృష్ణ పక్కనే ఉన్నడు. ఉండనియ్యి.

"మేడం, అత్తమ్మదైనంక నన్ను గూడ జర సూడుండ్రి."

గోపమ్మ ఆమె మొగంలకు చూసింది. సెలైన్ చెయ్యి కదలకుండ మంచం మీద జరిగి జాగా ఇచ్చింది. "కూసో. పిల్లను వాళ్ల నాయినకియ్యి."