మెంబర్ సాబ్ వస్తుండు

గడ్డి మంట మీద డప్పును అటూ ఇటూ తిప్పి, చర్మం బిగిసిందో లేదో తోమా బొటనవేలితో మీటి చూశాడు. ఆ వేలి గోరు ఎప్పుడో నల్లబడి ఊడిపోయింది. మళ్లీ సరిగ్గా మొలవలేదు. మోకాళ్లపైకి కట్టిన గోచి, మడమల నిండా పగుళ్లు, డప్పు బరువుకు ఒక పక్కకు ఒరిగిపోయిన భుజం. పంతొమ్మిదేళ్లుగా మహాదేవప్ప రాకను ఊరూరా చాటుతున్నది అతనే.

మహాదేవప్ప నారాయణఖేడ్ వకీలు. రాజధాని షహర్‌లోని శాసనసభకు ఈ తాలూకా తరఫున సర్కారు ఆయన్ను నియమించింది. ఆ తర్వాత మార్చనే లేదు. ఇన్నేళ్లలో తోమా ఊరైన సిర్గాపూర్‌కు ఆయన వచ్చింది మూడుసార్లు. వస్తున్నాడని తోమా చాటింది ముప్పైసార్లకు తక్కువ కాదు. రానప్పుడల్లా జనం తిట్టింది తోమానే.

ఎండ ఎక్కకముందే అతను సిర్గాపూర్ చేరాడు.

"మెంబర్ సాబ్ వస్తుండహో! పొద్దు నెత్తిమీదికి రాంగ పటేలు ఇంటికాడికి రావాలె! కష్టం సుఖం చెప్పుకోవాలహో!"

ఎవరూ తలుపు తీయలేదు. వాడ చివరి గుడిసెలో మాత్రం అక్క ఎలీసబెతు మంచంలోంచి తల ఎత్తింది. పది రోజుల జ్వరానికి కళ్లు గుంటలు పడ్డాయి. తోమా భార్య సంగమ్మ పురిటి నొప్పులు పడుతూ, బీదరు మిషను దవాఖానకు పోయే బండిలో, మంజీర ఒడ్డునే కన్నుమూసినప్పుడు ఆమె తల ఈ అక్క ఒడిలోనే ఉంది. ఆ మరుసటి నెలే మహాదేవప్ప మెంబరయ్యాడు. ఇక్కడ దవాఖాన కావాలన్న అర్జీ మీద మొదటి వేలిముద్ర తోమాదే.

"తమ్మీ, గిప్పుడన్న మన వాడకస్తడా?"

"అడుగుత అక్కా. ఈపారి నేనే అడుగుత."

కారు మూడో జాముకు వచ్చింది. శంకరప్ప పటేలు అరుగు మీద దండలు, పాలు, చెరువు మరమ్మతు మాటలు అయ్యాయి. తోమా ఎండలో చక్రం పక్కనే నిలబడ్డాడు. తిరిగి కారెక్కబోతూ తలుపు పట్టుకున్న ముసలి మహాదేవప్ప ముందు వంగాడు.

"సాబ్, దవాఖాన సంగతి సభల అడిగిన్రా?"

"నడువ్‌రా అవతలికి!" అని పటేలు కసిరాడు.

మహాదేవప్ప ఆగమన్నట్టు పటేలు వైపు చూశాడు. "నువ్వెవరివి?"

"మీరొస్తున్నరని డప్పు కొట్టేటోన్ని సాబ్."

"నాకోసం డప్పు కొడతరా?" ఆయనకు నిజంగానే తెలియదు. గొంతు తగ్గించి అన్నాడు: "అడగలే. అడిగేటోళ్లను ఆడ ఉంచరు. చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తిన. అందుకే ఇన్నేండ్లున్న."

"మా అక్క జరంతోని పడుంది సాబ్. ఒక్కపారి మా వాడకు..."

"పొద్దుగూకకముందే ఖేడ్ చేరాలె" అంటూ ఆయన కారెక్కాడు.

దుమ్ము అణిగేదాకా తోమా అక్కడే ఉన్నాడు. కోపం రాలేదు, సిగ్గేసింది. కష్టం సుఖం వింటాడన్న అబద్ధం ఇన్నేళ్లూ ఊరికి చేరింది తన గొంతుతోనే.

గుడిసెలోకి వెళ్లేసరికి అక్క కళ్లు తెరిచే ఉంది.

"ఏమన్నడు?"

"రాసుకున్నడు అక్కా. దవాఖాన కడతరంట."

"మనిషి మంచిగున్నడా?"

"ముసలోడైండు."

"పాపం" అంది ఎలీసబెతు.

తోమా పొయ్యి రాజేసి జొన్న జావ కాచాడు. తెలిసి తెలిసి తను చెప్పిన మొదటి అబద్ధం అదేనని, గరిటె తిప్పుతుంటే తట్టింది. జావ చల్లార్చి తెచ్చేసరికి ఆమె ఊపిరి ఆగిపోయింది. గోడ మీద ఎండ ఇంకా పోలేదు.

చేతులు గుండెల మీద జోడించబోతే కుడి గుప్పిట విడలేదు. ఒక్కొక్క వేలే తీశాడు. పెద్ద మనుషులను చూడబోయేటప్పుడు వాళ్ల చేతిలో పెట్టే నిమ్మకాయ, ఎవరి చేత తెప్పించుకుందో, నలిగిన తొక్క మీద నాలుగు గోళ్ల గుర్తులతో, మంచం పట్టె మీంచి దొర్లి నేల మీద ఆగింది.