తలుపు వెనక చప్పుళ్ళు

ఆర్విడ్ తూటాలు నింపే ఆ ఇనుప ప్రెస్సు పిడిని మరోసారి పైకీ కిందికీ ఆడించి, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. పాత నూనె వాసన అడుగున సన్నగా గంధకం తగిలింది.

"నల్ల తుపాకీమందు వాడిన మనిషే," అనుకున్నాడు.

చనిపోయిన వేటగాళ్ళ ఇళ్ళ నుంచి ఇలాంటి సామాను అట్టపెట్టెల్లో వస్తుంటుంది. కొడుకులో అల్లుళ్ళో తెచ్చి బల్లమీద పడేసి పోతారు. దుమ్ము దులిపి, తుప్పు గీకి, అరమీద పెట్టడం ఆర్విడ్ పని. పెట్టేముందు ఆ మనిషి ఎలాంటివాడో కాసేపు ఆలోచించడం మాత్రం అతని సొంత సరదా. పిడికి గుడ్డ చుట్టి ఉంది, అంటే చలికాలంలో పొయ్యి లేని షెడ్డులో కూర్చునేవాడన్నమాట. ఆ మందు దగ్గర పొయ్యి పెట్టకూడదని తెలిసినవాడు.

"ఏం పెద్దాయనా, తినేసేట్టున్నావే దాన్ని!" ముందు గది నుంచి వెండెల్ కేకేశాడు. కొట్టు అతనిదే. తండ్రి పోయాక కొట్టుతోపాటు ఆర్విడ్ కూడా అతని వాటాకొచ్చాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు ఆర్విడ్.

ఎల్లోస్టోన్ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో మేకులూ రంగులూ గుర్రపు జీనులూ అమ్మే కొట్టు అది ఒక్కటే. దాని వెనక భాగంలో, ఇంట్లోనే తూటాలు నింపుకునేవాళ్ళ కోసం ఒక బల్లా నాలుగు అరలూ ఉన్నాయి. ఆర్విడ్ కుర్రతనం నుంచీ ఆ బల్ల వెనకే ఉన్నాడు. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. బూడిదరంగు చొక్కా మీద ఎప్పుడూ అవే, ప్యాంటు జారకుండా వేసుకునే భుజపట్టీలు. కుడికన్ను గాజుది. చిన్నప్పుడు పొలంలో కంచె బిగిస్తుంటే తీగ తెగి తగిలింది. ఎడమకన్ను అరల్లో సామాను వెతుకుతుంటే, గాజుకన్ను ఎదుటి మనిషినే చూస్తూ ఉంటుంది. కొత్తవాళ్ళు తడబడతారు. బేకరీ పైగదిలో ఒక్కడే ఉంటాడు. ఒకప్పుడు పెళ్ళి అనుకున్నారు, అనుకోవడం దగ్గరే ఆగిపోయింది.

ఊళ్ళో ఎవరికి ఏ ప్రెస్సు నప్పుతుందో, మందు పోసే ఏ గొట్టం కావాలో అతనే ఎంచి పెట్టేవాడు. కానీ అతను ఎన్నడూ తుపాకీ పేల్చలేదు. కన్ను లేనివాణ్ణి కాల్పులకు రమ్మని పిలవాలని ఎవరికీ తోచలేదు. రమ్మంటారేమోనని అతను చూశాడు. తర్వాత చూడడం మానేశాడు. సోమవారం కొట్టుకొచ్చిన వాళ్ళని మాత్రం అడిగేవాడు, "ఎలా ఉంది?" అని.

"బాగానే ఉంది," అనేవాళ్ళు. లేకపోతే, "పొగ" అనేవాళ్ళు. అంతకంటే ఎవరూ చెప్పలేదు.

తలుపు గంట మోగింది. బడి బస్సు నడిపే నోలా లోపలికొచ్చింది. యాభైకి దగ్గరపడుతున్న మనిషి, చలికి ముక్కు ఎర్రబడింది. చేతిలో దుప్పట్లో చుట్టిన పొడవాటి తుపాకీ.

"దీనికి తూటాలు కావాలి."

ఆర్విడ్ దుప్పటి విప్పాడు. ఒక్కొక్క తూటా పెట్టి కాల్చే పాత తుపాకీ. తుపాకీ గొట్టం లోపలికి దీపం వేసి చూశాడు. అద్దంలా ఉంది.

"తయారుగా ఉన్నవి ఇస్తాను."

"వద్దు. నేనే చెయ్యాలి. ఇవాళే."

"ఇవాళే ఎందుకు?"

"రేపు చర్చి అయ్యాక మా తమ్ముడొచ్చి పట్టుకుపోతాడు. బిల్లింగ్స్ పట్నంలో ఎవరికో బేరం కుదిర్చాడు. నాన్న పోయి రెండు నెలలు కాలేదు, షెడ్డు అప్పుడే ఊడ్చేశాడు మహానుభావుడు."

అయితే ఈమె ఎమెట్ కూతురు! ఆర్విడ్ చేతిలోని దీపం ఆర్పేశాడు. ఎమెట్‌కు వెండెల్ తండ్రితో ఏదో జీను కట్టు దగ్గర మాటామాటా వచ్చింది. ఆనాటి నుంచి బతికున్నంతకాలం కొట్టు ముందునుంచి నడిచిపోయేవాడే గాని గుమ్మం తొక్కలేదు. కావలసినవి పక్కూరి నుంచి తెప్పించుకునేవాడు. కొట్టు అద్దంలోంచి అతను పోవడం చూసినప్పుడల్లా ఆర్విడ్ ఒకటే అనుకునేవాడు: ఈయన ఏ సామాను వాడతాడో!

"మీ నాన్న దేంతో నింపేవాడో తెలుసా?"

"లోపలికి రానిస్తే కదా! శనివారం సాయంత్రం గడియ పెట్టుకుంటే పెట్టుకున్నట్టే. కాల్చేటప్పుడు కూడా నన్ను ట్రక్కులో కూర్చోబెట్టి అద్దాలెక్కించేవాడు. ఆడపిల్లకి పొగ పడదట." నోలా ముక్కు తుడుచుకుంది. "షెడ్డు బయట చెక్కపెట్టె మీద కూర్చుని వినేదాన్ని. ఆ చప్పుళ్ళు తప్ప నాకేం తెలీదు."

ఆర్విడ్ బల్ల మీదికి వంగాడు. "ఏ చప్పుళ్ళు?"

"నవ్వరు కదా?"

"ముందు చెప్పు."

ఆమె కళ్ళు మూసుకుంది. "మొదట వాన. రేకు మీద సన్న వాన పడుతున్నట్టు. కొంచెంసేపే పడి ఆగేది."

ఆర్విడ్ ఎడమకన్ను మెరిసింది. అరమీద నుంచి గొట్టాలు తీశాడు. తుపాకీమందును పై నుంచి సన్నగా జారవిడిస్తే తూటా గుల్లలో ఒత్తుగా సర్దుకుంటుంది, అందుకే ఇవి. అయితే కొట్టులో మందు ఒలకబొయ్యడం కుదరదు. బేకరీకి వెళ్ళి గుప్పెడు గసగసాలు తెచ్చాడు.

"ఇవి రొట్టె మీద చల్లేవి కదా?"

"గింజ సైజు అదే. కళ్ళు మూసుకో."

పొట్టి అల్యూమినియం గొట్టంలో పోశాడు.

"ఊహూఁ. ఇది వడగళ్ళలా ఉంది."

ఇంకోటి పోశాడు. దానికీ తల అడ్డంగా ఊపింది. పొడవాటి ఇత్తడి గొట్టం నిలబెట్టి, గసగసాలను వేళ్ళ సందున నెమ్మదిగా వదిలాడు. నోలా కళ్ళు తెరవలేదు.

"ఇదే."

వెండెల్ ముందు గదిలో పని వదిలేసి వచ్చి నిలబడ్డాడు. "ఇదేం బేరమయ్యా? సంగీతం పాఠమా?"

"నువ్వు మేకులమ్ముకో పో," అంది నోలా. "తర్వాత ఒక మూలుగు. పశువుల దొడ్డి గేటు తెరిచినట్టు. చివర చిన్నగా టక్ మనేది."

పోసిన మందు మీద అట్టబిళ్ళ పెట్టి, దాన్ని అదిమే ప్రెస్సు అది. కొత్తవి మూలగవు. ఆర్విడ్ పొద్దున వాసన చూసిన దాన్ని బల్లకు బిగించి పిడి దించాడు. మూలిగింది గాని టక్ మనలేదు. వెనక గదిలోకి పోయి, ఎవరూ కొనక ఏళ్ళ తరబడి పడివున్న బరువైన ఇనుప ప్రెస్సు ఒకటి పొట్టకు ఆనించుకుని మోసుకొచ్చాడు. బల్ల మీద దించేసరికి ఆయాసం వచ్చింది. ఎడమచెయ్యి రుద్దుకున్నాడు.

"నేను తెచ్చేదాన్ని కదండీ!"

"ఎక్కడుందో నీకెలా తెలుస్తుంది?"

పిడి దించాడు. గేటు మూలిగింది. అడుగున టక్ మంది. నోలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గొర్రెకొవ్వు, తేనెమైనం కలిపి పూసిన సీసపు గుండ్లను ఆమె వాసనతోనే గుర్తుపట్టింది. ఇత్తడి గుల్లలూ, వాటి అడుగున బిగించే, నిప్పు రాజేసే చిన్న టోపీలూ, ఇనుప పెట్టెలోంచి ఒక డబ్బా తుపాకీమందూ తీసి ఆర్విడ్ అన్నీ పెట్టెలో సర్దాడు.

"ఇంకోటుంది," అంది నోలా గొంతు తగ్గించి. "మధ్యమధ్యలో ఏదో గొణిగేవాడు. ఒక్కో తూటాకి ఒకసారి. మా అమ్మ నేను పుట్టిన మూడో ఏటే పోయింది. నాన్న ఆవిడ పేరు ఎప్పుడూ ఎత్తలేదు. లోపల ఆవిడతో మాట్లాడుకుంటున్నాడనుకునేదాన్ని."

దానికి సరిపడే సామాను కోసం ఆర్విడ్ అరల వైపు ఒకసారి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

పెట్టె ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆమె వెనక్కి తిరిగింది. "మీరూ రాకూడదూ? ఒక్కదాన్నే చేస్తే ఏం తప్పు చేస్తానో ఏమో."

ఆర్విడ్ బల్ల వెనక నుంచి ఇవతలికి వచ్చాడు. కోటు ఎక్కడ తగిలించాడో వెతుక్కున్నాడు. అది అతని ఎదురుగానే ఉంది.

"వెళ్ళు పెద్దాయనా," అన్నాడు వెండెల్. "ఇవాళ నీ గసగసాలెవరు కొంటారిక్కడ?"

ఎమెట్ షెడ్డు ఖాళీగా, శుభ్రంగా ఉంది. గోడకు ఆనించి ఒక మందపాటి చెక్కబల్ల మాత్రం మిగిలింది. తమ్ముడికి అది గుమ్మంలో పట్టలేదట. బల్ల అంచున బోల్టులు దిగిన బెజ్జాలున్నాయి. ఆర్విడ్ కొట్టు నుంచి తెచ్చిన ప్రెస్సు ఎత్తి వాటి మీద పెట్టాడు. బెజ్జానికి బెజ్జం సరిగ్గా కూర్చుంది.

నోలా వంగి ఆ బెజ్జాలను వేలితో తడిమింది.

"చెవులు మంచివి నీకు," అన్నాడు ఆర్విడ్.

అతను కిటికీ పక్క నిలబడి చెబుతుంటే నోలా చేసింది. టోపీ బిగించడం, మందు కొలిచి గొట్టంలో వదలడం, అట్టబిళ్ళ పెట్టి అదమడం, గుండు కూర్చోబెట్టడం. మొదటిది పూర్తయ్యేసరికి చాలాసేపు పట్టింది. రెండోదానికి చెయ్యి అలవాటు పడింది. గుల్లలన్నీ వరసగా నిలబెట్టి మందు పోసుకుంటూ పోతుంటే, ఏది అయిందో ఏది కాలేదో తికమక పడింది. అప్పుడు తనకు తెలియకుండానే పెదాలు కదిపింది.

"అట్ట పెట్టాను... అట్ట పెట్టాను..."

చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆర్విడ్ వైపు తిరిగింది.

"ఇదే!" అంది. "ఇదే ఆ గొణుగుడు! ఇదే రాగం! అమ్మా లేదు, ఎవరూ లేరు. అట్ట పెట్టాను, అట్ట పెట్టాను! ఇన్నేళ్ళూ నేను ఆ పెట్టె మీద కూర్చుని ఏడ్చింది దీనికా!"

పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆర్విడ్ కూడా నవ్వాడు, పొట్ట పట్టుకుని, ఎప్పుడూ నవ్వనంతగా.

"మర్చిపోకుండా అనుకునేవాడు పాపం," అన్నాడు. "నేనూ అంతే. గదిలో దీపం ఆర్పితే, ఆర్పానని నాకు నేనే చెప్పుకుంటాను. వినేవాళ్ళెవరున్నారు?"

నోలా నవ్వు ఆపి అతని వైపు చూసింది. "ఈసారి నాకు చెప్పండి," అంది.

షెడ్డు వెనక గడ్డిమైదానం గుట్ట దాకా పోతుంది. గుట్ట అడుగున చెక్కపలక నిలబెట్టి, దాని మీద తెల్ల రంగుతో పళ్ళెమంత చుక్క పెట్టింది నోలా. ముందు తను కాల్చింది. చప్పుడు పిడుగులా పగలకుండా, భూమిలోంచి వచ్చినట్టు బరువుగా, గుండెల మీద చెయ్యి పెట్టి తోసినట్టు వచ్చింది. తెల్లటి పొగ మేఘంలా లేచింది. ఆమె తిట్టుకుంటూ, నవ్వుతూ, భుజం రుద్దుకుంటూ దాంట్లోంచి బయటికొచ్చింది.

"ఇప్పుడు మీరు."

"నాకు కన్ను..."

"ఎడమ కన్నుంది కదా! ఎడమ భుజానికి పెట్టండి. రండి."

పాత కుర్చీలో కూర్చోబెట్టి, తుపాకీని దుంగ మీద ఆనించి ఇచ్చింది. చెవుల్లో దూది కుక్కింది. ఆర్విడ్ చెంప చెక్కకు ఆనించాడు. చల్లగా ఉంది. దూరంగా తెల్లచుక్క వణికి, వణికి, ఒక్క క్షణం ఆగింది.

భుజాన్ని ఎవరో గట్టిగా తోశారు. తర్వాత లోకమంతా తెల్లబడింది. గుట్ట లేదు, పలక లేదు, పక్కనున్న నోలా లేదు. గంధకం, దాంతోపాటు తడి ఇనుము వాసన. దేనికి తగిలిందో, అసలు తగిలిందో లేదో తెలియదు. పొగ తనంతట తను తొలిగేదాకా కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు. ఈ సంగతి ఎవరూ చెప్పలేదేమని అతనికి ఆశ్చర్యం వేసింది. చెప్పడానికి వాళ్ళకు మాటలు లేకపోయి ఉంటాయి.

"ఎలా ఉంది?" అని పొగలోంచి నోలా గొంతు.

"పొగ," అన్నాడు.

ఆమె ట్రక్కులోంచి ఫ్లాస్కు తెచ్చి, దాని మూతలో కాఫీ పోసి అతని చేతికిచ్చింది. "కూర్చోండి. తగిలిందో లేదో చూసొస్తాను." గడ్డిలో పెద్ద పెద్ద అంగలు వేస్తూ గుట్ట వైపు నడిచింది.

ఆర్విడ్ ఒక గుక్క తాగి మూతను పక్కనున్న దుంగ మీద పెట్టాడు. ఎడమచెయ్యి బరువుగా ఉంది, తుపాకీ తన్నింది కాబోలు. గాలికి గడ్డి ఒక వైపే వాలుతోంది. ఆమె ఎర్రకోటు చిన్నదవుతూ పోయి పలక దగ్గర ఆగింది. వంగి చూసింది. వెళ్ళి తనూ చూడాలనిపించింది గాని లేవబుద్ధి కాలేదు. ఆమె ఇటు తిరిగి రెండు చేతులూ పైకెత్తి ఊపింది. ఏదో అరుస్తోంది. చెవుల్లో దూది ఉండటంతో మాట అందలేదు. దూది తీద్దామనుకున్నాడు. చేతులెత్తింది కదా, చాలనిపించింది.

నోలా దారి పొడుగునా మాట్లాడుతూనే వచ్చింది. "అంచుకి తగిలిందండోయ్! నాది ఎక్కడికో పోయింది, మీది తెల్లరంగు మీదే ఉంది! సోమవారం వెండెల్‌కి చెప్పండి, నమ్మడు, నేనొచ్చి సాక్ష్యం చెబుతాను. ఆర్విడ్ గారూ, పలక ఊడదీసి తీసుకురమ్మంటారా? మీ గదిలో..."

కుర్చీ ముందుకొచ్చి ఆగింది. అతను గుట్ట వైపే చూస్తున్నట్టు ఉన్నాడు. గాలికి చొక్కా కాలరు కదులుతోంది, ఛాతీ కదలడం లేదు. ఆమె మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని, ముందు ఒక చెవిలోంచి, తర్వాత రెండో చెవిలోంచి దూది తీసి, పేరు పెట్టి పిలిచింది.

దుంగ మీద ఫ్లాస్కు మూతలో కాఫీ ఇంకా వెచ్చగానే ఉంది. దాని తెల్లని అంచు మీద ఆర్విడ్ బొటనవేలి గుర్తు మందు మసితో గీతగీతా తెలిసేలా నల్లగా పడివుంది.