లావు తీగ మీది పాట

అన్స్‌గార్ టీలే రాసిన వయొలిన్ కన్సర్టోలో సగం నా చెమట. ఈ మాట మా మాగ్డెబర్గ్ ఊళ్ళో ఎవరి ముందైనా అంటాను. కాదనేవాణ్ణి నా ఎదుటికి రమ్మనండి!

రెండు శీతకాలాలు వాడు మా వంటగదిలో కూర్చుని, మా ఆవిడ చేసిన క్యాబేజీ, సాసేజీలు మెక్కుతూ దాన్ని రాశాడు. వాడికి పియానో తప్ప వయొలిన్ పట్టుకోవడం కూడా రాదు. "ఎగ్బర్టూ, ఇది వేళ్ళకి అందుతుందా? ఇక్కడ కమాను పైకా, కిందికా?" అని ప్రతి వరసా నన్ను అడగడమే. నెమ్మదిగా సాగే నడిమి భాగాన్ని సన్న తీగ మీద రాసుకొచ్చాడు.

"పిల్లి ఏడ్చినట్టుందిరా. లావు తీగ మీదికి దించు, మనిషి గొంతులా పలుకుతుంది" అన్నాను.

దించాడు. నేను వాయించి చూపిస్తే వాడి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "జనం ముందు దీన్ని మొట్టమొదట వాయించేది నువ్వేరా. ఒట్టు!" అన్నాడు.

నేను ఆర్కెస్ట్రాలో మొదటి కుర్చీవాణ్ణి, వయొలిన్లవాళ్ళందరికీ పెద్దని. ఊరికొచ్చిన ప్రతి మహానుభావుడి వెనకా కూర్చుని వాయించినవాణ్ణి. కన్సర్టో అంటే ఒక్కడే ఆర్కెస్ట్రా ముందు నిలబడి వాయించేది. ఒక్కసారైనా అలా ముందు నిలబడాలని నాకు మాత్రం ఉండదా?

తీరా కచేరీ దగ్గరపడ్డాక, ఏరు దాటి తెప్ప తగలేశాడు. వియన్నా నుంచి లియోపోల్ట్ హార్ట్విక్ అనే పేరుమోసిన వాద్యకారుణ్ణి పిలిపించాడు. నిలదీస్తే, "నీ పేరు చెబితే హాలు నిండదురా, అర్థం చేసుకో" అన్నాడు. చీమలు పెట్టిన పుట్ట పాములపాలు కావడమంటే ఇదే.

ఆ హార్ట్విక్ వచ్చీ రాగానే రిహార్సల్లో మమ్మల్ని చూసి, "ఈ గానుగెద్దులు కాస్త మెల్లిగా తిరిగితే నా వాద్యం వినబడుతుంది" అన్నాడు. తరువాత టీలే భుజం తట్టి, "నా చేతికి ఎక్కడా అడ్డం రాలేదయ్యా. నన్ను తలుచుకునే రాసినట్టున్నావు" అన్నాడు. టీలే నా వైపు చూడకుండా తల ఊపాడు. నా ఒళ్ళు మండిపోయింది.

ఆ కన్సర్టోకి ఒక తిక్క ఉంది. భాగానికీ భాగానికీ మధ్య ఊపిరి తీసుకునే సందు లేదు. మొదటి భాగం గాలివానలా ముగుస్తుంది. ముగుస్తూనే కొమ్ము బూర ఒకే స్వరాన్ని పట్టుకుని ఉంటుంది. ఆ స్వరం మీదనే నడిమి పాట మొదలవుతుంది. మధ్యలో చప్పట్లు కొడితే టీలేకి కంపరం. "గొర్రె పేగు తీగలురా, తెగితే మార్చుకోవడానికైనా సందుండాలి" అని నేను మొత్తుకున్నా వినలేదు.

కచేరీ రోజున మొదటి భాగం చివర హార్ట్విక్ తీగ ఫట్‌మని తెగింది. బూర స్వరం ఎత్తుకుంది. ఇలాంటప్పుడు మొదటి కుర్చీవాడు తన వయొలిన్ ఇచ్చెయ్యాలి. అది మా తాతలనాటి కట్టుబాటు. తప్పినవాడి పక్కన ఏ వాద్యగాడూ కూర్చోడు. హార్ట్విక్ నా మొహమైనా చూడకుండా, నౌకరును తువ్వాలు అడిగినట్టు చెయ్యి చాచాడు. పళ్ళు నూరుకుంటూ ఇచ్చాను. నా పక్కనున్న ముసలి వెండెలిన్ తనది నాకిచ్చి, తెగినదాన్ని పుచ్చుకున్నాడు.

నా వయొలిన్ ఆ పొగరుబోతు చేతిలో పాడింది. బాగా పాడింది, అదీ నా ఏడుపు! లావు తీగ మీద ఆ పాట దానికి కొత్తా ఏమన్నానా? ముందు వరస ఆడవాళ్ళు రుమాళ్ళు తీశారు.

అంతా ముగిశాక హాలు హోరెత్తిపోయింది. మావాళ్ళు కమానులతో స్టాండ్లను తట్టారు, మా చప్పట్లు అవే. నడిమి పాట మళ్ళీ వాయించాలని జనం కేకలు పెట్టారు. హార్ట్విక్ చెమట తుడుచుకోవడానికి నా వయొలిన్‌ను నా ఒళ్ళో పడేశాడు. ఆర్కెస్ట్రాను నడిపిస్తున్న టీలే కర్ర పక్కనపెట్టి వచ్చి అతణ్ణి కౌగలించుకున్నాడు.

"అబ్బ! ఏం నాదమండీ! రాసేటప్పుడు నా చెవిలో మోగింది సరిగ్గా ఇదే!"

"మోగదూ మరి?" అన్నాను నేను. "మా వంటగదిలో నువ్వు విన్నది ఈ వయొలిన్నే కదరా!"

టీలే మొహం మాడిపోయింది. ముందు వరస వైపు ఓసారి చూసి, "క్రాన్ గారూ, దయచేసి మీరు కూర్చోండి" అన్నాడు.

ఇంటిపేరు పెట్టి, మీరట! గారట! మా ఇంట్లో ఎంగిలి కంచం కూడా తీయనివాడు!

హార్ట్విక్ నవ్వాడు. "పెట్టె ఎవరిదైతేనేమయ్యా? పలికించేది చెయ్యి."

టీలే కర్ర ఎత్తాడు. బూర మళ్ళీ ఆ స్వరం పట్టుకుంది. వెండెలిన్ కొత్త తీగ కట్టాడు గానీ, కొత్త పేగు తీగ శ్రుతిలో నిలవడానికి చాలా సేపు పడుతుంది. హార్ట్విక్ మళ్ళీ అలాగే, చూడకుండా చెయ్యి చాచాడు.

కట్టుబాటు కట్టుబాటే. లేచి నిలబడ్డాను. తీగలు బిగించే నాలుగు బిరడాలూ వెనక్కి తిప్పేశాను. తీగలు నాలుగూ వేలాడిపోయాయి. అప్పుడు దాన్ని అతని చేతిలో పెట్టాను.

"ఇదిగో పెట్టె. చెయ్యి మీదే కదా, పలికించుకోండి."

హాలంతా చూస్తోంది. బూరవాడు పాపం మొహం కందిపోతున్నా స్వరం వదలలేదు. గానుగెద్దులన్న మమ్మల్ని ఇంకో వయొలిన్ అడగడానికి నోరు రాక, హార్ట్విక్ ఆ వేలాడే తీగలను చూస్తూ నిలబడిపోయాడు. వెండెలిన్ తన కుర్చీని నాకు దూరంగా జరుపుకున్నాడు. జరుపుకోనీ. నేను మెట్ల వైపు నడిచాను.

టీలే కర్ర పట్టుకునే నా వెనక పరిగెత్తుకొచ్చాడు. "ఎగ్బర్టూ! ఒరే, నీకు దణ్ణం పెడతానురా, శ్రుతి చేసి ఇవ్వరా!"

"క్రాన్ గారూ అనండి" అన్నాను.