తడిచేతిలో నిలిచే కత్తి

మా ఆయన మొండితనం గురించి మొదలుపెడితే తెల్లారిపోతుంది. పక్షవాతం వచ్చి లేచిన మనిషి, మళ్లీ అడవికి పోతానని కూర్చున్నాడు. వేటగాళ్లను వెంటబెట్టుకుని వెళ్లడం, గుడారాలు వెయ్యడం, కొట్టిన జంతువును కోసి పంచడం ఆయన పని. చెయ్యి బాగుపడిందని యజమానికి కబురు కూడా పంపేశాడు. ఇంట్లో చొక్కా గుండీలు పెట్టేది నేను. అదేమంటే గుండీలు మరీ చిన్నవంటాడు. పాత కత్తి తుప్పుపట్టింది, కొత్తది కావాలన్నాడు. ఏ కత్తీ నచ్చకూడదని మనసులో దండాలు పెట్టుకుంటూ కత్తుల దుకాణానికి వెంట వెళ్లాను.

దుకాణదారు మడతకత్తులు తీయబోతే ఈయన వద్దన్నాడు. కీలులో నెత్తురూ కొవ్వూ ఇరుక్కుంటే కడిగేదెవరని కసిరాడు. మడత లేనిది, అరచెయ్యంత పొడవుది, పిడి చివరిదాకా ఒకే ఉక్కు సాగినది కావాలన్నాడు. తళతళలాడేవాటిని గోడకు తగిలించుకునేవాళ్లకు అమ్ముకోమని ఎకసెక్కమాడాడు. ఒళ్లు మండుతూనే ఉన్నా, పాత మనిషి కనిపించి ముచ్చటేసింది.

చివరికి రబ్బరు పిడిది ఒకటి ఎంచాడు. ఆ దుకాణంలో ఒక పద్ధతుంది. వేటకత్తి కొనేవాళ్లు సబ్బునీళ్లలో చెయ్యి ముంచి, తడిచేత్తోనే బల్లమీది తోలుముక్కను కొయ్యాలి. నెత్తురంటిన చేతిలో నిలవని కత్తిని అతను అమ్మడు.

ఈయన చెయ్యి ముంచి పిడి పట్టుకున్నాడు. రెండు వేళ్లు మూసుకోనేలేదు. తోలుమీద ఆనించగానే కత్తి జారి నేలమీద పడింది.

నేను కోరుకున్నదే జరిగింది. అయినా సబ్బు మరీ ఎక్కువ కలిపావని దుకాణదారు మీద విరుచుకుపడ్డాను. అతను మామూలు నీళ్లు తెచ్చాడు. కత్తి మళ్లీ పడింది.

"పిడి బాలేదు," అన్నాడు ఈయన.

దుకాణదారు చెక్క పిడిది ఇచ్చాడు, కొమ్ము పిడిది ఇచ్చాడు. ఆఖరికి తువ్వాలు అందించాడు. ఈయన చెయ్యి శుభ్రంగా తుడుచుకుని, పళ్లు బిగపట్టి పట్టుకున్నాడు. పొడిచేతిలోనూ కత్తి నిలవలేదు.

"కత్తులన్నీ మంచివేనన్నా," అన్నాడు దుకాణదారు మెల్లగా.

ఈయన వంగి, పడ్డదాన్ని ఎడమచేత్తో తీసి, తుడిచి బల్లమీద పెట్టాడు. బయటికొచ్చాం. వీధి మలుపుదాకా నడిచాం. అక్కడ ఈయన ఆగి, నావైపు చూడకుండా అన్నాడు.

"ఇంట్లో చెప్పకు."

"చెప్పనులెండి," అన్నాను. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.