గులాబీ మళ్లలో బీన్సు

ఇరవై ఆరేళ్లుగా ఆ పట్టణంలో ఎక్కడ నాలుగు పూలు విరిసినా దాని వెనుక ఒకే మనిషి చెయ్యి ఉండేది. ఆయన పురపాలక సంఘంలో తోటల మేస్త్రీ. అసలు పేరు హాజరుపట్టీలో పడి ఉంది. పిలవడానికి మాత్రం అందరికీ పూలాయనే. ఆఫీసు ముందున్న గులాబీ మళ్లంటే ఆయనకు ప్రాణం. మొత్తం నలభై రెండు మొక్కలు. ఏది ఎప్పుడు అలిగి పూయడం మానేస్తుందో ఆయనకు తెలిసినంతగా తన రక్తపోటు సంగతి తెలియదని భార్య దెప్పేది.

ఆవిడ బడి వంటశాలలో పెద్ద వంటమనిషి. రోజూ మధ్యాహ్నం మూడు వందల మంది పిల్లలకు వండాలి. కూరగాయలు ఎక్కడినుంచో లారీలో రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చేవి. దిగేసరికి పాలకూర సొమ్మసిల్లి, టమాటాలు చితికి ఉండేవి.

"ఇవాళ క్యారెట్టు విరవబోతే విరగలేదండీ, వంగింది," అంది ఒక సాయంత్రం కాళ్లు చాపుకుని కూర్చుంటూ. "పిల్లలు కూర పక్కకి నెట్టేస్తున్నారు. వాళ్లని అనడానికి నాకు నోరు రాలేదు."

"నువ్వు వండితే గడ్డి పెట్టినా తింటారు."

"ప్రస్తుతం అదే పెడుతున్నాను."

ఆ ఏడే ఒక స్వచ్ఛంద సంస్థ ఊళ్లోకి వచ్చింది. దాని తరఫున తిరిగే అమ్మాయి సంచీలో ఎప్పుడూ రేకు డబ్బాల నిండా విత్తనాలుండేవి. అందుకని ఆమెకు విత్తనాలమ్మాయి అని పేరు పడింది. ఆమె చెప్పింది చిన్న మాటే. పురపాలక సంఘం ఖాళీ జాగా, నీళ్లు ఇస్తుంది. సంస్థ విత్తనాలిచ్చి పని నేర్పుతుంది. చుట్టుపక్కల వీధులవాళ్లు పండిస్తారు. ఆ పంట ముందు బడి వంటశాలకు, మిగిలింది పండించినవాళ్లకు. సంఘం అధ్యక్షురాలికి ఈ మాట నచ్చింది. బస్టాండు వెనకున్న బీడు జాగా రాసిచ్చి, ప్రారంభానికి తేదీ కూడా పెట్టేసింది. పూలాయనను సాయం వెళ్లమంది.

ఆయన మూతి ముడిచాడు. పూలు పెంచే చేతులతో బెండకాయలు పెంచడమేమిటని గొణుక్కుంటూనే జాగా చూడటానికి వెళ్లాడు. ఒక మూల వంగి, గుప్పెడు మన్ను తీసి వాసన చూశాడు.

"అమ్మాయ్, ఇక్కడ తినేవి వెయ్యకూడదు."

"ఎందుకు బాబాయ్ గారూ?"

"ఒకప్పుడు ఇది లారీల షెడ్డు. మా నాన్న ఇక్కడే మెకానిక్కు. నేను అన్నం క్యారియర్ తెచ్చేవాణ్ణి. పాత ఆయిలంతా ఈ నేలలోనే పారబోసేవాళ్లు."

ఆమె ముఖం వాడిపోయింది. అయినా వాదించలేదు. "మీ ముక్కు మీద నాకు నమ్మకమే. కానీ సంఘానికి కాగితం కావాలి," అని మట్టిని పరీక్షకు పంపింది. పది రోజులకు వచ్చిన కాగితం ముక్కు చెప్పిందే చెప్పింది.

సంఘం సమావేశంలో అధ్యక్షురాలికి గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. ప్రారంభానికి మూడు వారాలే ఉన్నాయి. "పైన కాస్త కొత్త మట్టి పోసి కానిచ్చేద్దాం," అన్నాడొక సభ్యుడు.

వెనక కుర్చీలోంచి పూలాయన లేచాడు. "తినేది పిల్లలండీ," అన్నాడు.

"మరి మంచి నేల ఎక్కడుంది?" అని అధ్యక్షురాలు ఆయన్నే అడిగింది.

ఆయనకు జవాబు తెలుసు. పొద్దున్నించీ ఎండ, పక్కనే కుళాయి, ఇరవై ఆరేళ్లు ఆకు ఎరువు తిని నల్లగా నిగనిగలాడే మన్ను. ఆ మాట ఇంకెవరైనా అంటే బాగుండునని కాసేపు చూశాడు. ఎవరూ అనలేదు.

"ఆఫీసు ముందుంది," అన్నాడు, కిటికీ వైపు చూడకుండా.

సంగతి విని భార్య పొయ్యి ఆపేసింది. వచ్చి పక్కన కూర్చుంది. "నేను క్యారెట్టు గురించి అన్నందుకా?"

"కాదు," అన్నాడాయన. గోళ్లలోని మన్ను గీక్కుంటూ, "కొంచెం," అన్నాడు.

గులాబీలను పారెయ్యలేదు. వీధి వీధినా ఇంటికొక మొక్క చొప్పున అడిగి పట్టుకెళ్లారు. వేళ్ల చుట్టూ మట్టి ఊడకుండా ఒక్కొక్క దానికీ ఆయనే గోనెపట్టా కట్టాడు. తర్వాత నెల రోజులు ఏదో ఒక వంకతో ఆ గుమ్మాలన్నీ తిరిగాడు. తొమ్మిది చచ్చిపోయాయి. ఆ తొమ్మిదీ ఏ ఇళ్లలో చచ్చాయో ఆయనకు ఇప్పటికీ గుర్తే.

ఖాళీ అయిన మళ్లలో పక్క వీధి దర్జీ దంపతులు, రిటైరైన పోస్ట్‌మ్యాన్, ఇంకో పదిమంది బీన్సు, పాలకూర, టమాటా వేశారు. విత్తనాలమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చి నేర్పేది. ఆమె పుస్తకంలో చదివింది చెబితే, ఈయన చేత్తో చూపించేవాడు. మొదటి బీన్సు కాపు దగ్గర మాత్రం ఆయన పప్పులో కాలేశాడు. కాయలు ఇంకా అందంగా సాగుతాయని కొయ్యనివ్వకుండా ఆపాడు. విత్తనాలమ్మాయితో కలిసి ఆయన బుట్ట తీసుకుని వంటశాలకు చేరగానే భార్య చేతులు తుడుచుకుంటూ గేటు దాకా వచ్చింది.

"ఏమండీ, ఇవి చూడ్డానికా, తినడానికా? గింజ ముదిరి కూర్చుంది."

విత్తనాలమ్మాయి నవ్వు ఆపుకోలేక దగ్గింది. మర్నాటినుంచీ వంటావిడ చెప్పిన రోజే కోత.

ఆ ఏడాది చివర సంఘం ఒక తీర్మానం చేసింది. మట్టి పరీక్ష నెగ్గిన ప్రతి ఖాళీ జాగానూ అడిగిన వీధికి పదేళ్లపాటు పండించుకోవడానికి ఇస్తారు. బస్టాండు వెనక నేల బాగయ్యేదాకా అక్కడ ఎవరూ ఏదీ తినడానికి పండించకూడదు.

ఒక మధ్యాహ్నం పిల్లల భోజనాలయ్యాక భార్య గిన్నె పట్టుకుని మళ్ల దగ్గరికొచ్చింది. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు.

"గిన్నె అడుగున ఇంతే మిగిలింది," అంది, ఆయన చేతికి చెంచా ఇస్తూ. "రేపు ఇంకో బుట్ట బీన్సు పంపండి."

"రేపు కుదరదు. తీగని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వు."

"ఆ మాట మూడు వందల మందికీ మీరే వచ్చి చెప్పండి."

ఆయన తింటూ కాసేపు ఆలోచించాడు. "పాలకూర కోస్తాలే," అన్నాడు.