అమ్మ వేలు పడలేదు

మొన్న వాన పడింది. ఆ పదును ఆరకముందే పత్తికి యూరియా వెయ్యాలి. ఆకులు అప్పుడే పసుపు తిరిగాయి. మా రెండెకరాలకు రెండు బస్తాలు కావాలి. సహకార సంఘానికి లారీ వచ్చిందని తెలిసి అమ్మ పొద్దున్నే లైనులో చెప్పులు పెట్టి వచ్చింది. అమ్మకు ఫోను చదవడం రాదని నేను బడి మానేసి వెంట వెళ్ళాను.

పదకొండింటికి మా వంతు వచ్చింది. బస్తాలిచ్చే శంకరప్ప వేలిముద్రల మిషను ముందుకు జరిపాడు. అమ్మ వేలు పెట్టింది. పడలేదు. కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. తలనూనె రుద్దుకుని పెట్టింది. ఊహూఁ.

"గీ వేళ్ళకు గీతలే లేవు గదా సంతోషమ్మా! యాడ పారేస్కున్నవ్?" అన్నాడు శంకరప్ప.

"కలుపు తీసీ తీసీ చేన్లనే పడ్డయన్నా. పోయి ఏరుకొచ్చుకో."

లైనంతా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఇక ఓటీపీ ఒక్కటే దారి. అది నాయిన ఫోనుకు వెళ్తుంది. నాయిన ఉండేది తాండూరులో, బండలు పాలిష్ చేసే మిషను పక్కన.

నాలుగుసార్లు మోగినా ఎత్తలేదు. అయిదోసారి ఎత్తాడు. ఆ గరగరలో ఏమీ వినబడదు. బడిలో హాజరు కూడా గట్టిగా పలకని నేను అందరి ముందూ అరవాల్సి వచ్చింది.

"నాయినా! ఇప్పుడొచ్చిన నంబర్ చెప్పు!"

"రెండు వందల తొంబై తొమ్మిది..."

"అది రీచార్జిది నాయినా!"

సరైనది దొరికేసరికి గడువు దాటింది. మళ్ళీ పంపారు, మళ్ళీ అరిచాను. మా వెనకున్న కస్తూరమ్మ, "జర పక్కకన్న జరుగుండ్రి, మాయి గిట్ల అయిపోతయ్!" అంటూనే ఉంది. చివరికి నంబరు కుదిరింది.

శంకరప్ప తలుపులోంచి బస్తాల వైపు చూశాడు. "స్టాకు తక్కువుంది. ఇప్పటిసంది మనిషికి ఒక్కటే."

"మేమొచ్చినప్పుడు రెండిచ్చిండ్రు గదా!" అంది అమ్మ.

"అప్పుడు నీ వేలు పడలే గదా."

ఫోనులో అరిచిన గొంతు ఇంకా దిగలేదు. "మిషన్ పనిజెయ్యకుంటే మా తప్పా? మా వంతు అప్పుడే వచ్చింది. రెండియ్యి!" అన్నాను.

శంకరప్ప ఒక్క బస్తా ముందుకు దొర్లించాడు. కస్తూరమ్మే అంది: "నువ్ రెండు గొంచవోతే నాకు ఉత్త చేతులేనా బిడ్డా?"

ఆమెదీ పత్తే. అమ్మ ఒక్క బస్తా ఎత్తుకుంది.

చేన్లో చెట్టుకు చిటికెడు చొప్పున పెడుతూ వచ్చాం. బాట వైపు ఎకరం అయ్యేసరికి బస్తా అడుగు కనబడింది. అమ్మ దాన్ని తిరగేసి పక్క సాలు మీద దులిపింది.

"సాలు నిండ పడలే," అంది.

"మల్ల లారీ ఎప్పుడొస్తదంట?"

"రేపు పొద్దున చెప్పులు పెడ్త. నువ్ నాయినకు ఇప్పుడే ఫోన్ జేసి చెప్పు, ఫోన్ జేబుల పెట్టుకొమ్మను."

చేశాను. మోగుతూనే ఉంది.